చౌడమ్మ ఎడమ చెంప

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, బెంగళూరు
2 ఫిబ్రవరి 2025

వెంకటగిరియప్ప మామకు,

నా చేతులు నిజంగా వేడివేనా, మామా?

క్షేమసమాచారాలు రాయాల్సిన చోట ఈ ప్రశ్న రాశానని పద్మావతత్త నవ్వుతుంది. నవ్వనీ. చిన్నప్పటి నుంచి దీన్ని మోస్తున్నాను. మీ మగ్గాల వీధి గుడిలో చౌడమ్మకు వెన్న అలంకారం చేస్తూ, నా చేతిలోని ముద్ద తీసేసుకుని, "నీ చేతులు వేడి అమ్మణ్ణీ, వెన్న నిలవదు, బయట ఆడుకో పో" అన్నావు. బయటికి వెళ్ళాను, ఆడుకోలేదు. మెట్టు మీద కూర్చుని అరచేతులు చెంపలకు ఆనించుకున్నాను. చేతులు చెంపలకు వేడిగా తగిలాయో, చెంపలే చేతులకు వేడిగా తగిలాయో తేలలేదు.

తరువాత ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేశాను. అందుకే చేశానా అంటే చెప్పలేను. ఇప్పుడు ఇక్కడొక కంపెనీలో బడిపిల్లల వీడియోలకు పాఠాలు రాస్తున్నానని నీకు తెలుసు కదా. ఈ నెల నా వంతుకు వచ్చిన పాఠం ఇది: వేడి తగిలితే గట్టి వస్తువు ఎలా ద్రవమవుతుంది, ద్రవం ఎలా ఆవిరవుతుంది. మొదటి ఉదాహరణగా మంచుముక్క రాయబోతే, కళ్ళ ముందు నీ వెన్నముద్దే నిలబడింది.

నిన్న నీ కొడుకు చేతన్ కుందలహళ్ళి నుంచి వచ్చి, మా ఇంట్లో రెండు పూటలు తిని, చల్లగా చెప్పాడు. ఈ ఏడు చౌడమ్మకు వెన్న లేదట, గంధమేనట. పోయినేడు మధ్యాహ్నానికే ఎడమ చెంప జారి ఒళ్ళో పడిందట, నువ్వు ఆ రోజంతా అన్నం ముట్టలేదట. అలంకారం మన ఇంటి చేతులు దాటి ఎన్నడూ పోలేదని తాత ఎంత గర్వంగా చెప్పేవాడు! అది నీతో ఆగిపోవడమేమిటి?

నాకొక ఆలోచన ఉంది. ఐసు ముక్కలు వేసిన నీళ్ళను కలియబెడుతూ ఉంటే, చివరి ముక్క కరిగేదాకా అవి సున్నా డిగ్రీల దగ్గరే ఉంటాయి. ఎంత వేడి తగిలినా ముక్కను విడగొట్టడానికే ఖర్చయిపోతుంది, నీళ్ళను వేడెక్కించడానికి మిగలదు. కంటికీ థర్మామీటరుకూ కనిపించకుండా పోయే ఆ వేడిని మేము గుప్తోష్ణం అంటాం. వెన్ననూ చేతులనూ అలాంటి నీళ్ళలో ముంచుతూ చేస్తే, ఎవరి చేతులు వేడైనా ఏమవుతుంది?

ఇదంతా ఫోన్లో అరవలేను. నలభై ఏళ్ళ పవర్‌లూముల చప్పుడు నీ చెవులను తీసుకున్నాక నీతో తీరిగ్గా మాట్లాడాలంటే కాగితమే దిక్కు. నాకదే నయం. మధ్యలో అడ్డు రాలేవు.

జవాబు కోసం చూస్తూ,
వరూధిని

*

దొడ్డబళ్ళాపురం
9 ఫిబ్రవరి 2025

అమ్మణ్ణికి మామ ఆశీర్వాదాలు.

నీ జాబు మీ అత్త గట్టిగా చదివింది, నాకు వినపడదని మరిచిపోయి. మొత్తం చదివినాక గుర్తొచ్చి నా చేతిలో పెట్టి పోయింది. అత్త బాగుండాది. మోకాలు నొప్పి అంటాది కానీ పక్కవీధి పెండ్లికి పరిగెత్తుతాది. నువ్వు పంపిన మందు వాసన బాగుండాదంట. రాసుకుందో లేదో నాకు చెప్పలేదు.

చౌడమ్మకు ఐసు అంటావు. అమ్మవారికి జలుబు చేస్తే ఎవురు చూడాలమ్మా? మా నాయిన కాలం నుంచీ బావినీళ్ళే. ఐసు నాకొద్దు. ఐసు మాట ఎత్తొద్దు.

కానీ నీ జాబు వల్ల ఒక పని జరిగిండాది. చేతన్ నీ దగ్గర ఏమి విన్నాడో ఏమో, ఒక పెద్ద ఫ్రీజరు ఆటోలో ఏసుకొని వచ్చినాడు. గర్భగుడి పక్కన సామాన్ల గదిలో పెట్టించినాము. పూజారి గురప్ప మూత తీసి తల లోపల పెట్టి చానా సేపు బయటికి రాలేదు. వచ్చి, "కైలాసం ఇట్లనే ఉంటాదేమో అన్నా" అన్నాడంట. ఉత్సవం పొద్దు మూత తీసి పెడితే చల్లగాలి అమ్మవారి మీదికి పోతాది కదా. వెన్న పెట్టేదానికి నాకూ కొంచెం ఆశ పుట్టింది. కొంచెమే.

ఉత్సవం ఉగాది అయినాక రెండో శుక్రవారం, ఏప్రిల్ పదకొండు. శుక్రవారం నువ్వు రావద్దు. జనాల్లో నలిగిపోతావు. బేజారు చేసుకోవద్దు.

ఈ మాటు చింతకాయ తొక్కులో ఉప్పు ఎక్కువైందని మీ అత్త ఒప్పుకోదు. నీకు ఒక డబ్బా పంపుతాము, తిని నా పక్క మాట్లాడు.

మీ మామ
వెంకటగిరియప్ప

*

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్
15 ఫిబ్రవరి 2025

మామా,

రావద్దన్నావు. సరే, రాను. ఆ ఒక్క ముక్క పక్కన పెడితే మిగతా జాబు చాలా బాగుంది.

తొక్కులో ఉప్పు ఎక్కువే. కానీ అత్త పక్కే మాట్లాడతాను.

ఫ్రీజరు సంగతి. దయచేసి దాని మూత తీసి పెట్టకండి. అది చలిని పుట్టించదు మామా, తన పొట్టలోని వేడిని తోడి వెనక నుంచి బయటికి పోస్తుంది. చేతన్‌ని దాని వెనక చెయ్యి పెట్టి చూడమను. ఆ చిన్న గదిలో మూత తీసి నడిపితే పైనుంచి వచ్చే చలి కన్నా వెనక నుంచి వచ్చే వేడే ఎక్కువ. చౌడమ్మను చల్లబరుస్తున్నామనుకుని కుంపటి పెట్టినట్టవుతుంది. దాన్ని గుడి బయట వసారాలో పెట్టి, వెన్న మాత్రం అందులో దాచండి.

గర్భగుడి చల్లబడాలంటే తడి గోనెపట్టాలు వేలాడదీయండి. నీళ్ళు ఆవిరి కావడానికి చాలా వేడి కావాలి. అంతే బరువు ఐసు కరగడానికి పట్టే దానికి ఆరేడింతలు. ఆ వేడిని పక్కనున్న గాలి నుంచే లాక్కుంటాయి. మీ మట్టికుండ చేసే పని అదే. తలుపులు కూడా మూసి ఉంచండి, బయటి ఎండ లోపలికి రాకుండా.

నా మాట మీద నాకే పూర్తి నమ్మకం లేదు. బల్ల ముందు కూర్చుని రాసేదానికీ, గుడిలో జరిగేదానికీ మధ్య నలభై కిలోమీటర్ల పైనే దూరం. కాబట్టి ముందు ఇంట్లో పరీక్ష చెయ్యండి. అమ్మవారినీ మీ రుబ్బురోలు పొత్రాన్నీ ఒకే కొండ నల్లరాయితో చేశారని తాత చెప్పేవాడు. ఆ పొత్రం కడిగి, నిలబెట్టి, దానికి వెన్న పూసి చూడండి.

చేతుల సంగతి నువ్వు రాయలేదు. శుక్రవారం రావద్దన్నావు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే నాకు జవాబు దొరికినట్టే ఉంది. ఇంకొకరి జాబులో ఇలా చదువుకోవడం తప్పని తెలుసు. తెలిసీ చదువుకుంటున్నాను.

వరూధిని

*

దొడ్డబళ్ళాపురం
8 మార్చి 2025

అమ్మణ్ణీ,

మీ అత్త నా మీద, నీ మీద, నీ కాలేజీ మీద కోపంగా ఉండాది. ఇంట్లో దోసెలు లేవు. ఎందుకో చెప్తా.

నువ్వు చెప్పినట్లే పొత్రం కడిగి, మగ్గాల షెడ్డులో పలక మీద నిలబెట్టి వెన్న పూసినాము. సుమ్నే, ఊరికే ముద్ద పూస్తే ఏం బాగుంటాది? చేతులు ఊరుకోవు కదా. రెండు నల్లద్రాక్షలు కండ్లకు పెట్టినా. ముక్కుకు జీడిపప్పు. మీ అత్త చూసి, బొట్టు లేకుండా మొగము చూడలేనని కుంకుమ పెట్టింది. అది ఆమె చేసిందే, ఇప్పుడు ఒప్పుకోదు.

తడి గోనెలు కట్టి, నువ్వు చెప్పినట్లే తలుపులన్నీ బిగించినాము. లోపల ఇడ్లీలు ఉడికేటట్లు అయింది. గోనెలు తడి తడిగానే ఉండాయి, చల్లదనం లేదు. నేను చెమట తుడుచుకొనే లోపల జీడిపప్పు ముక్కు గడ్డం మీదికొచ్చింది. ఎమ్మెస్సీ అంతే అనుకొంటి, ఏమనుకోవద్దు.

అప్పుడు పక్కింటి పుల్లమ్మ పెరుగు తోడుకని తలుపు తోసుకొని వచ్చింది. చూసింది. ఆ తర్వాత జరిగింది నాకు వినపడలేదు, మీ అత్త చెయ్యి తిప్పి తిప్పి చెప్పింది.

"అయ్యో తల్లీ! గుడిలో వెన్న పెట్టరని అలిగి, వెంకటగిరప్పన్న ఇంటికి వచ్చేసినావా!" అని పుల్లమ్మ నేల మీద పడి మొక్కిందంట.

"అది నా పొత్రం పుల్లమ్మా!" అని మీ అత్త.

"నీదే లే అక్కా, నీ అదృష్టమే! నేనేమన్నా లేదంటినా?"

"దోసెలకు రుబ్బే పొత్రమే!"

"అన్నం పెట్టే తల్లి కాదా మరి!"

ఇంక చెప్పేదేముండాది. కొంచెం సేపట్లో మా వీధంతా షెడ్డులోనే ఉండాది. టెంకాయలు, పూలు. ఒకాయన గంట కూడా తెచ్చినాడు. గలాటా కాకూడదని చేతన్ ముందు తలుపు తీసి లోపలికి, వెనక తలుపు తీసి బయటికి జనాన్ని పంపినాడు.

ఇప్పుడు విను, ఇది ముఖ్యం. రెండు తలుపులూ తీసేసరికి ఆ గోనెల గుండా గాలి మొదలైంది. నా మెడ మీద తగిలింది, చల్లగా. నేను ముక్కు మళ్ళా పెట్టినా. అంతమంది జనం, అన్ని దీపాలు, అయినా దీపాలు పెట్టే పొద్దు దాకా ఆ ముక్కు కదల్లేదమ్మా! ఇదెట్ల? నువ్వు మూయమంటివి. తీస్తే నిలిచింది.

ఫ్రీజరు వెనక చేతన్ చెయ్యి పెట్టి చూసినాడు. మరునాడే వసారాకు మార్చినాము.

మూడో సంగతి. శుక్రవారం రావద్దంటే గురువారమే రమ్మని కదా! శుక్రవారం తెల్లారే లోపల పని మొదలు పెట్టల్ల. నువ్వు ఆ పొద్దు బస్సు దిగితే ఏం చూస్తావు? మన ఇంటి ఆడబిడ్డకు ఇది కూడా రాసి చెప్పల్లనా? నేను అనిందెక్కడ, నీ కోపం ఎక్కడ!

పొత్రం ఇప్పుడు షెడ్డులోనే ఉండాది. రోజూ పొద్దున ఎవరో ఒకరు పూలు పెట్టి పోతారు. మీ అత్త దాన్ని రోట్లో పెట్టేదానికి ధైర్యం చాలక మిక్సీ వాడతా ఉండాది. మిక్సీ పిండి దోసె నేను తిననని నీకు తెలుసు.

ఆకలితో,
మామ

*

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్
14 మార్చి 2025

ప్రియమైన మామకు,

నీ జాబు ఆఫీసులో చదివాను. అది పొరపాటు. "అన్నం పెట్టే తల్లి కాదా మరి" దగ్గర పక్క బల్ల మీది అర్పిత లేచి వచ్చి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ తెలుగు రాని ఆ అమ్మాయికి కన్నడంలో మొత్తం చెప్పాను. పొత్రాన్ని చూడాలని ఇప్పుడు ఆమె కూడా వస్తానంటోంది.

తప్పు నాది. తడి గోనెలు కట్టమన్నాను, వాటి పక్కనే తలుపులు మూయమన్నాను. ఆవిరి పోవడానికి దారి ఉండాలి కదా. మూసిన గదిలో గాలి త్వరగానే తడితో నిండిపోతుంది, ఆపైన గోనెలోని నీళ్ళు లేచిపోవడానికి చోటుండదు. చోటు లేకపోతే వేడినీ తీసుకుపోలేవు. మీరు తలుపులు తీసేసరికి తడి గాలి వెళ్ళి పొడి గాలి వచ్చింది, గోనెలు పని మొదలు పెట్టాయి. ఇదంతా నా పాఠంలోనే ఉంది మామా, నేనే రాశాను. పిల్లలకు రాసింది మామకు చెప్పేటప్పుడు గుర్తు రాలేదు. ఆ పాఠాన్ని ఇంకోసారి మొదటి నుంచి చదువుకున్నాను. బాగానే ఉందనిపించింది. మరునాడు చదివితే అనిపించలేదు.

కాబట్టి గుడికి: ముందూ వెనకా తలుపులు తెరిచి, రెండింటికీ తడి గోనెలు. దీపాలు కొంచెం దూరంగా. రాయిని కూడా తెల్లారకముందు చల్లటి నీళ్ళతో కడగాలి. ఇక మిగిలింది ఐసు ఒక్కటే. ఎత్తొద్దన్నావు, ఎత్తుతున్నాను. వెన్న ఒక్కసారిగా కరగదు, ముందు మెత్తబడుతుంది. మెత్తబడటానికి అరచేతి వెచ్చదనం చాలు. చేతులు ఐసు నీళ్ళలో ముంచకుండా పూస్తే, మిగతా ఏర్పాట్లన్నీ చేసీ మొదట్లోనే చెడగొట్టుకున్నట్టు. ఎందుకంత పట్టుదల నీకు?

గురువారమే వస్తాను. కోపం లేదు. ఉండేది, పొత్రం మీద కరిగిపోయింది.

చేతుల సంగతి ఇంకా రాయలేదు నువ్వు.

నీ
వరూధిని

*

దొడ్డబళ్ళాపురం
31 మార్చి 2025

అమ్మణ్ణీ,

నిన్న ఉగాది బాగా జరిగింది. పచ్చడిలో మీ అత్త వేప్పువ్వు ఎక్కువ వేసింది. నా మీద కోపం ఇంకా పోలేదని అర్థమైంది.

ఐసు మీద పట్టుదల ఎందుకని అడిగితివి. చెప్తా. నలభై ఏండ్లు తెగిన దారాలకు ముడులు వేసిన వేళ్ళు ఇవి. సల్లనీళ్ళు తగిలితే బిగుసుకపోతాయి, మళ్ళా వంగవు. పోయినేడు బావినీళ్ళకే అట్లయింది. చెంప జారింది ఎండకు కొంత, నేను గట్టిగా అదమలేక కొంత. జనం ఎండ అన్నారు. నేను ఊ అంటి. అందుకే గంధం అనుకొంటి. గంధానికి బలం అక్కరలేదు.

వీధిలో అందరూ ఇప్పుడు వెన్న వెన్న అంటా ఉండారు, పొత్రం పుణ్యాన. ఇంక మానేదానికి లేదు. మానాలని నాకూ లేదు.

ఐసు నీళ్ళు పెట్టు. చేతులు నీవి. ఎడమ పక్క నీది, కుడి పక్క చేతన్‌ది. నేను కుర్చీ వేసుకొని తిడతా.

నీ చేతుల ప్రశ్న కాగితం మీద రాసేది కాదు. ఎదురుగా చెప్తా.

మామ

*

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్
15 ఏప్రిల్ 2025

మామా,

ఉత్సవం రోజు పొద్దున నుంచి హారతి దాకా ఎదురుగానే ఉన్నావు, మళ్ళీ ఈ జాబేమిటంటావు. నీకు వినపడనివి రాస్తున్నాను.

తెల్లారకముందు నేను ఐసు నీళ్ళలో చేతులు ముంచినప్పుడు నీ కేకలు బస్టాండు దాకా వినిపించాయట. "అదుము! అది చెంపమ్మా, దోసె కాదు!" అని నువ్వు అరిచినప్పుడల్లా, కుడి పక్క నుంచి చేతన్ గొణిగాడు: "వదినా, మా మేనేజరే నయం. వాడు మెయిల్లో తిడతాడు." గిన్నెలో ఐసు ముక్కలు తేలుతూనే ఉన్నాయి, నా వేళ్ళకు స్పర్శ పోయింది. ముద్ద నా చేతిలో ఉందో అమ్మవారి చెంప మీద ఉందో కళ్ళతో చూస్తే గాని తెలియలేదు. భయం వేసింది. నువ్వు కర్రతో నేల మీద కొడుతూ, "ఇంకొంచెం పైకి, కంటి కిందికి, ఆ, ఆ, అంతే" అంటుంటే, నీ మాటలే నా వేళ్ళయ్యాయి.

మధ్యాహ్నం ఎండ పేలిపోతోంది. గోనెల మీద నీళ్ళు చల్లే పని గురప్ప ఎవరికీ ఇవ్వలేదు. ఆ పని చేస్తూ ఆయన, "ఇన్నేండ్లూ అమ్మవారికి అభిషేకం చేసినాను, ఇప్పుడు గోనెకు చేస్తావుండాను. ఏం రాసినావమ్మా తల్లీ నా నొసట!" అంటూనే ఉన్నాడు.

ఆ సమయంలోనే నువ్వు నన్ను పిలిచి, చెవిలో చెబుతున్నాననుకుని, నీ ప్రకారం గుసగుసగా చెప్పావు. మామా, అది గుసగుస కాదు.

"చేతులు వేడని చెప్పినానా? నువ్వు వేళ్ళు నాకతా ఉంటివి కదమ్మా! అమ్మవారి వెన్న ఎంగిలి చేసినావని మీ అవ్వకు తెలిస్తే వీపు చిట్లగొట్టేది! అందుకే వేడని బయటికి పంపినా!"

వరుసలో ఉన్నవాళ్ళందరూ నా వైపు తిరిగారు. గంట కొట్టే ఆయన ఆగిపోయాడు. అప్పుడు పుల్లమ్మ అన్నది నీకు వినపడలేదు: "ఈ మాటు చెంప ఎవురు చేసినారప్పా? లెక్కకు సరిగ్గా ఉండాదా, కొంచెం తగ్గిందా చూడండి!" గుడి మొత్తం పగలబడి నవ్వింది. అందరూ నవ్వుతున్నారని నువ్వూ నవ్వావు. అర్పితకు కన్నడంలో చెప్పడానికి చేతన్ నోరు తెరిస్తే, నేనే మూయించాను.

తరువాత అత్త నన్ను పక్కకు లాగింది. ఇది నీకు రాయొద్దని చెప్పలేదు, కాబట్టి రాస్తున్నాను. "ఆయన మాట నమ్మొద్దు. నువ్వు నాకింది లేదు, పెట్టింది లేదు. ఆడపిల్లలు లోపలికి రాకూడదని మీ అవ్వే అనింది. తల్లికి ఎదురు చెప్పేదానికి నోరు లేక, ఈయన నీ చేతుల మీదికి తోసినాడు."

అంతలో మంగళహారతి. గురప్ప కర్పూరం వెలిగించాడు. కర్పూరం పళ్ళెంలో ఏమీ మిగల్చకుండా మండి గాలిలో కలిసిపోతోంది. ఆ వెలుగులో నేను ఎడమ చెంపనే చూస్తున్నాను. గడ్డం అంచున నూనె మెరుపు ఒకటి పుట్టింది, బొట్టుగా మారింది, వణికింది. జారలేదు. నువ్వు కూడా దాన్నే చూస్తున్నావని నాకు తెలుసు, నీ కర్ర గాలిలో ఆగిపోయింది. హారతి అయ్యాక కుర్చీలోంచి లేచి, అత్తను అన్నం పెట్టమన్నావు. అత్త పరుగెత్తిన తీరు చూస్తే మోకాలి నొప్పి మీద నాకు పూర్తిగా నమ్మకం పోయింది. కంటి మీద పమిట అడ్డం పెట్టుకుని పరుగెత్తింది. అది కూడా నువ్వు చూడలేదు.

మరునాడు పొద్దున అలంకారం తీసి అందరికీ వెన్న పంచారు. మిగిలింది అత్త పొయ్యి మీద పెట్టి, చిటపటలు ఆగేదాకా, అంటే అందులోని నీళ్ళన్నీ వెళ్ళిపోయేదాకా కాచి, నాకొక సీసా నెయ్యి ఇచ్చింది. నా అరచేతిలో ప్రసాదం పెట్టింది నువ్వే. నీ చేతిలోనూ ఒక ముద్ద ఉంది. ఎవరి చేతిలో ముందు కరుగుతుందో చూద్దామనుకున్నాను. నువ్వు నా చేతినే చూస్తున్నావు. ఏది కరిగిందో చూడకుండానే నేను గబుక్కున తినేశాను. వేళ్ళు కూడా నాకాను. నువ్వు, "చూసినావా!" అన్నావు.

నాకినట్టు నాకు గుర్తు లేదు మామా. నాకలేదని గట్టిగా చెప్పడానికీ గుర్తు లేదు. నీ మాట నిజమో, అత్త మాట నిజమో, అసలు నా చేతులే వేడివో తెలియడం లేదు. థర్మామీటరు నా బల్ల సొరుగులోనే ఉంది. గుప్పిట్లో పట్టుకుంటే చేతుల సంగతైనా తేలిపోతుంది. ఇన్నేళ్ళూ పట్టుకోలేదు. ఈ జాబు రాస్తూ సొరుగు రెండుసార్లు తెరిచి మూశాను. పట్టుకోవాలో వద్దో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఎడమ పక్క
వరూధిని